పక్కింటాయన సోలార్‌కి యూనిట్‌కి 43 సెంట్లు, ఇప్పుడు పెడితే 8 కూడా రావు: ఈ యూరప్ పాలసీ ఎవరైనా విడమరిచి చెబుతారా?

రైన్‌గట్టు (కొలోన్)

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. కొలోన్‌లో అద్దెకుంటున్నాం. మూడో అంతస్తు, బాల్కనీ దక్షిణం వైపు. రెయిలింగుకి రెండు ప్యానెళ్లు బిగిద్దామని ఆలోచన. ఇక్కడ దీన్ని బాల్కనీ పవర్ ప్లాంటు అంటారు, 800 వాట్ల వరకు మామూలు సాకెట్లోనే గుచ్చేయొచ్చు. ఇంటి ఓనరుకి మెయిల్ పెట్టి మూడు వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు.

అసలు సందేహం వేరే. పక్కింటి పెద్దాయన 2009లో ఇంటి కప్పు మీద సోలార్ పెట్టించాడట. మొన్న చెత్తడబ్బాల దగ్గర కలిస్తే చెప్పాడు: గ్రిడ్‌కి పంపే ప్రతి యూనిట్‌కీ 43 సెంట్లు వస్తున్నాయట. ఇప్పటికీ! అదే కప్పు మీద ఇవాళ పెడితే 8 సెంట్లు కూడా రావట. నేను కొనుక్కునే యూనిట్ 37 సెంట్లు.

మా ఆఫీసులో ఒకతను "సోలార్ పేరుతో జర్మనీ జనం డబ్బు తగలేసింది, అందుకే కరెంటు ఇంత ప్రియం" అంటాడు. ఇంకొకావిడ "వీళ్లు తగలెయ్యకపోతే ప్రపంచంలో సోలారే లేదు" అంటుంది. రెండూ నిజంలాగే ఉన్నాయి, అదే నా తలనొప్పి.

ఆఖెన్_అబ్బాయి

బ్రో, మీ పక్కింటాయన మోసమేమీ చెయ్యలేదు, లాటరీ కూడా కాదు. అది చట్టం.

1991 నుంచి అమల్లోకి వచ్చిన చిన్న చట్టంతో మొదలైంది ఇదంతా. గాలి, ఎండ, చిన్న జలవిద్యుత్ ఎవరు తయారుచేసినా స్థానిక కరెంటు కంపెనీ కొనాల్సిందే, గాలికీ ఎండకీ వినియోగదారుడు కట్టే సగటు ధరలో 90 శాతం ఇవ్వాల్సిందే. తమాషా ఏంటంటే దీన్ని నెట్టింది పర్యావరణవాదులొక్కరే కాదు. బవేరియాలో సొంతంగా చిన్న చిన్న హైడ్రో యూనిట్లు నడుపుకునేవాళ్ల తరఫున సంప్రదాయ పార్టీ ఎంపీ ఒకాయన, గ్రీన్ పార్టీ ఎంపీ ఒకాయన చెయ్యి కలిపారు. పెద్ద కంపెనీలు అప్పట్లో తూర్పు జర్మనీ కరెంటు వ్యవస్థని చేజిక్కించుకునే హడావుడిలో ఉన్నాయి, దీన్ని ఎవరూ పట్టించుకోలేదు.

90 శాతం గాలికి గిట్టింది గానీ సోలార్‌కి ఏ మూలకీ సరిపోలేదు. అప్పుడు మా ఊరు ఆఖెన్ ఒక పని చేసింది (గొప్పలు చెప్పుకోవడానికి మాకున్నది ఇదీ, ఒక చర్చీ). 1990ల మధ్యలో సోలార్ యూనిట్‌కి సుమారు 2 మార్కులు (అప్పటి జర్మనీ కరెన్సీ) ఇస్తామంది. అంటే పెట్టినవాడికి ఖర్చు తిరిగి రావాలి, అంతే లెక్క. ఇంకొన్ని ఊళ్లు అదే దారి పట్టాయి. 2000 ఏప్రిల్‌లో దేశం మొత్తానికీ అదే సూత్రం మీద చట్టం వచ్చింది, ఈఈజీ (పునరుత్పాదక ఇంధన చట్టం). హెర్మన్ షేర్, హాన్స్ యోసెఫ్ ఫెల్ లాంటి ఎంపీలు పట్టుబట్టి తెచ్చారు.

అందులో మూడే ముక్కలు. ఒకటి, పుట్టిన కరెంటుని గ్రిడ్ ముందు తీసుకోవాలి. రెండు, పెట్టిన సంవత్సరంలో ఉన్న రేటు 20 ఏళ్లు కదలదు. మూడు, వచ్చే ఏడాది పెట్టేవాడికి రేటు తగ్గుతుంది. మీ పక్కింటాయనది 2009 రేటు, 43.01 సెంట్లు. 2029 డిసెంబరు 31న ఆగిపోతుంది. ఆయనకి అప్పట్లో అయిన ఖర్చు మాత్రం ఇప్పటి ఖర్చుకి రెండు మూడింతలు ఉంటుంది, అది అడిగారా?

కోటప్పకొండ

"మూడే ముక్కలు" అని నాలుగోది మింగేశారే. డబ్బు ఎవరిచ్చారు?

నేను 2013 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర అద్దెకున్నాను. ప్రతి యూనిట్ మీదా ఈ చట్టం పేరుతో సర్‌చార్జీ. 2014లో 6.24 సెంట్లు, 2017లో 6.88. మా ఇంట్లో ఏడాదికి 3,500 యూనిట్లు. 2017లో సర్‌చార్జీయే 240 యూరోలు, దాని మీద 19 శాతం పన్ను, మొత్తం 286. నాకు కప్పు లేదు. కప్పున్నవాడికి, అంటే సొంతిల్లున్నవాడికి, నేను కట్టాను. ఉక్కు, అల్యూమినియం, రసాయనాల ఫ్యాక్టరీలకి మాత్రం మినహాయింపు, అంతర్జాతీయ పోటీ అట. ఆ భారం కూడా తిరిగి మా మీదే. దీన్ని పాలసీ అంటే నేను ఒప్పుకోను.

పాతలైన్‌మన్ (విజయవాడ)

అబ్బాయిలూ, నేను డిస్కంలో ఏడీఈగా రిటైరైనవాణ్ణి. ఆ సర్‌చార్జీ చదువుతుంటే మన ట్రూఅప్ చార్జీలే గుర్తొస్తున్నాయి. ఎప్పుడో కొన్న కరెంటుకి ఇప్పుడు కట్టడం. బిల్లులో ఆ గడి కనపడగానే జనం సెక్షన్ ఆఫీసుకి వచ్చేసేవారు, సమాధానం చెప్పలేక చచ్చేవాళ్లం.

ఒక్క సందేహం. ఆ సర్‌చార్జీ లెక్క ఎలా కడతారు?

ఆఖెన్_అబ్బాయి

గారూ, చట్టం ఇస్తానన్న రేటు ఒకటి, ఆ కరెంటు మార్కెట్లో అమ్మితే వచ్చేది ఒకటి. ఆ తేడా మొత్తం కలిపి యూనిట్లకి పంచుతారు. ఇందులో ఒక వింత ఉంది. ఎండ, గాలి ఎక్కువైతే మార్కెట్లో ధర పడిపోతుంది. ధర పడితే తేడా పెరుగుతుంది. తేడా పెరిగితే సర్‌చార్జీ పెరుగుతుంది. అంటే కరెంటు చవకైనకొద్దీ బిల్లులో "గ్రీన్ ఖర్చు" ఎక్కువగా కనపడుతుంది. చవక లాభం మినహాయింపు ఉన్న ఫ్యాక్టరీకి, ఖర్చు కోటప్పకొండ గారికి. ఇక్కడివరకు ఆయన కోపం న్యాయమే.

2021–22లో గ్యాస్ ధరలు మండిపోయినప్పుడు తిరగబడింది: మార్కెట్ ధరే చట్టం రేటుని దాటేసింది, సర్‌చార్జీ ఖాతాలో డబ్బు మిగిలిపోయింది. 2022 జులై 1 నుంచి సర్‌చార్జీ ఎత్తేశారు. ఇప్పుడు కేంద్ర బడ్జెట్ నుంచి ఇస్తున్నారు, 2024లో సుమారు 1,800 కోట్ల యూరోలు. ఖర్చు పోలేదు, బిల్లులోంచి పన్నుల్లోకి మారింది. ఎక్కువ సంపాదించేవాడు ఎక్కువ కడుతున్నాడు కాబట్టి నాకైతే అదే మేలనిపిస్తుంది.

కోటప్పకొండ

పదేళ్లు కట్టించుకున్నాక మేలు. నా 286 యూరోలు తిరిగొస్తాయా చెప్పండి.

మాడ్రిడ్‌మావయ్య

జర్మనీ వాళ్ల గొడవ చూస్తుంటే నవ్వొస్తోంది. మీకు ఇస్తానన్నది ఇచ్చారు కదయ్యా. స్పెయిన్ కథ వినండి.

2007లో ఇక్కడి ప్రభుత్వం సోలార్‌కి యూనిట్‌కి 44 సెంట్లు, 25 ఏళ్లు అని డిక్రీ ఇచ్చింది. 2010కల్లా 371 మెగావాట్లు రావాలని లక్ష్యం. ఆ ఏడాదిలోనే నిండిపోయే పరిస్థితి వచ్చింది. ఆపాలి కదా? చట్టంలో ఏడాది గడువు ఉంది, 2008 సెప్టెంబరు వరకు పెట్టినవాళ్లందరికీ పాత రేటే. ఇక చూడండి, మన దగ్గర రేపటి నుంచి పెట్రోల్ పెరుగుతుందంటే బంకుల ముందు క్యూ ఎలా ఉంటుందో అలా. బ్యాంకులు పిలిచి అప్పులిచ్చాయి. ద్రాక్షతోట పీకి ప్యానెళ్లు వేసినవాళ్లున్నారు. 2008 ఒక్క ఏడాదిలో 2,700 మెగావాట్ల దాకా పెట్టారు.

జర్మనీలో సర్‌చార్జీ అయినా వినియోగదారుడి బిల్లులో కనపడింది. ఇక్కడ ఎన్నికల భయంతో కరెంటు చార్జీలు పెంచకుండా తొక్కిపెట్టారు. సోలార్‌కి ముందు నుంచే ఆ అలవాటు ఉంది, సోలార్ వచ్చి దాన్ని ముదిరేలా చేసింది. ఖర్చుకీ వసూలుకీ మధ్య గొయ్యి 2,500 కోట్ల యూరోలు దాటింది. అప్పుడు మొదలుపెట్టారు కోతలు. 2010లో "ఏడాదికి ఇన్ని గంటలకే రేటు" అన్నారు. 2012లో కొత్తవాటికి మొత్తం ఆపేశారు. 2013లో పాత రేట్లే రద్దు చేసి, "సహేతుకమైన లాభం" అని ఇంకో లెక్క పెట్టారు, పాత ప్లాంట్లకి కూడా వర్తించేలా.

విదేశీ ఫండ్లు ఎనర్జీ చార్టర్ ఒప్పందం (విదేశీ ఇంధన పెట్టుబడులకి రక్షణ ఇచ్చేది) పట్టుకుని అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కి, అంటే మధ్యవర్తుల దగ్గరికి, వెళ్లాయి, ఇరవైకి పైగా కేసుల్లో స్పెయిన్ ఓడింది, ఇంకా కట్టకుండా కోర్టుల్లో కొట్లాడుతోంది. ఊళ్లో ఇల్లు తాకట్టు పెట్టి ప్యానెళ్లు వేసుకున్న రైతుకి ఆ దారి లేదు. సొంత దేశం మీద ఆ ఒప్పందం కింద కేసు వెయ్యలేడు మరి.

పాతలైన్‌మన్

మావయ్యా, ఇది నాకు తెలిసిన కథే, ఊరి పేర్లు మాత్రం వేరు.

మన రాయలసీమలో గాలిమరలకి యూనిట్‌కి రూ.4.80 పైచిలుకు రేటుతో 25 ఏళ్ల పీపీఏలు (కరెంటు కొనుగోలు ఒప్పందాలు) చేసుకున్నారు. ఆ తర్వాత దేశంలో వేలాలు వచ్చి ధరలు సగానికి పడ్డాయి. 2017లో రాజస్థాన్ భడ్లాలో సోలార్ రూ.2.44. 2019లో కొత్త ప్రభుత్వం పాత పీపీఏలు తిరగదోడతానంది. కేసు హైకోర్టుకి వెళ్లింది. తేలేదాకా గాలికి 2.43, సోలార్‌కి 2.44 కట్టమన్నారు. 2022 మార్చిలో డివిజన్ బెంచి ఒప్పందం రేటే కట్టాలని తీర్పిచ్చింది. ఈ మధ్యలో పెట్టుబడి పెట్టేవాళ్లు రాష్ట్రం వైపు చూడ్డం మానేశారని మా ఆఫీసుల్లోనే అనుకునేవాళ్లం.

కోటప్పకొండ

అయితే రూ.2.44కి దొరికేదాన్ని రూ.4.80కి పాతికేళ్లు కొనాలా? ఎవరి డబ్బు అది? మార్కెట్లో కందిపప్పు సగానికి పడితే మీరు పాత రేటే ఇస్తారా?

పాతలైన్‌మన్

కందిపప్పు ఏ పూటకాపూట కొంటాం నాయనా. ఇది ఇంటి లోన్ లాంటిది. గాలిమరకి తర్వాత ఖర్చేమీ లేదు, డబ్బంతా మొదటిరోజే పెట్టాలి, అదీ అప్పు తెచ్చి. రేటు మీద నమ్మకముంటే బ్యాంకు తక్కువ వడ్డీకి ఇస్తుంది. ఒకసారి మాట తప్పితే తర్వాత వచ్చేవాడు ఆ భయాన్ని కూడా కలుపుకుని కోట్ చేస్తాడు. తిరిగి మనమే కడతాం.

మొదట ఎక్కువ రేటు ఒప్పుకున్నవాళ్లని తిట్టండి, కాదనను. కానీ సంతకం పెట్టాక...

మాడ్రిడ్‌మావయ్య

అదే మాట నేనూ అనబోతున్నా. స్పెయిన్ తప్పు 44 సెంట్లు కాదు. జర్మనీ కూడా అంతే ఇచ్చింది. జర్మనీలో రేటు తనంతట తానే తగ్గుతూ వచ్చింది, 2009 తర్వాత ఎంత ఎక్కువమంది పెడితే అంత వేగంగా తగ్గేలా మార్చారు. ఇక్కడ గేటు తెరిచి కాపలావాణ్ణి ఇంటికి పంపేశారు.

పైగా 2015లో సొంతింటి మీద ప్యానెళ్లు పెట్టుకున్నవాళ్లకి చార్జీ వేశారు. జనం దానికి "ఎండ పన్ను" అని పేరు పెట్టారు. 2018లో తీసేశారు. చెక్ రిపబ్లిక్ కూడా ఇలాగే బొక్కబోర్లా పడి 2009, 2010లో పెట్టిన ప్లాంట్ల ఆదాయం మీద 26 శాతం పన్ను వేసింది.

గ్లాస్గో_చలి

హాయ్ అండీ. యూకే నుంచి. ఇక్కడా చిన్న ఇళ్లకి ఫీడ్ ఇన్ టారిఫ్ (తయారైన కరెంటుకి యూనిట్‌కి ఇంతని ఇచ్చే రేటు) ఉండేది, 2010లో మొదలు. సోలార్‌కి 43 పెన్నీల దాకా వెళ్లింది, 2011 చివర్లో ఒక్కసారిగా సగానికి కోసేశారు. సంప్రదింపుల గడువు ముగియకముందే కోత అమల్లోకి తేవడం చెల్లదని కోర్టు మొట్టికాయ వేసింది. 2019లో స్కీమే మూసేశారు.

పెద్దవాటికి మాత్రం వేరే పద్ధతి, నాకు నచ్చింది అదే. సీఎఫ్‌డీ (కాంట్రాక్ట్ ఫర్ డిఫరెన్స్) అంటారు. వేలంలో కంపెనీ ఒక ధర గెలుచుకుంటుంది, అనుకోండి మెగావాట్ అవర్‌కి, అంటే వెయ్యి యూనిట్లకి, 50 పౌండ్లు. మార్కెట్ 30 ఉంటే మిగతా 20 మనం ఇస్తాం. మార్కెట్ 200 అయితే 150 వాళ్లు వెనక్కివ్వాలి. ఇస్తున్నారు కూడా, గ్యాస్ సంక్షోభం సమయంలో ఇచ్చారు. కోటప్పకొండ గారి బాధకి ఇది కొంత మందు. 2024లో మార్చిన యూరప్ మార్కెట్ నిబంధనల్లో కూడా కొత్త గాలి, సోలార్ ప్లాంట్లకి ప్రభుత్వం నేరుగా ధర హామీ ఇస్తే ఇలా రెండువైపులా పనిచేసేలా ఉండాలని పెట్టారు.

కానీ వేలంలో పిసినారితనం చూపిస్తే ఏమవుతుందో కూడా ఇక్కడే చూశాం. 2023 వేలంలో సముద్ర గాలికి గరిష్ఠ ధర 44 పౌండ్లు పెట్టారు (2012 ధరల్లో లెక్క). ఉక్కు ధరలు, వడ్డీలు పెరిగి ఉన్నాయి. ఒక్కటంటే ఒక్క బిడ్ రాలేదు! మరుసటి ఏడాది 73కి పెంచారు, కొత్త ప్రాజెక్టులు 59 దగ్గర తేలాయి. డెన్మార్క్‌కి కూడా ఇదే శాస్తి, 2024 డిసెంబరులో సబ్సిడీ లేకుండా నార్త్ సీలో వేలం పెడితే ఎవరూ రాలేదు. సముద్రంలో గాలిమరలు మొట్టమొదట 1991లో పాతింది వాళ్లే పాపం, విండెబీ దగ్గర 11 మరలు.

కోటప్పకొండ

సీఎఫ్‌డీ బాగుంది. ఒప్పుకుంటున్నా. రాసి పెట్టుకోండి, నేను ఒప్పుకోవడం అరుదు.

హైటెక్‌సిటీ_కుర్రాడు

అన్నా అసలు న్యూక్లియర్ మూసుకున్న జర్మనీ నుంచి పాలసీ నేర్చుకోవాలా 😂 2023 ఏప్రిల్‌లో చివరి మూడు రియాక్టర్లు ఆపేసి ఇప్పుడు ఫ్రాన్స్ దగ్గర కొనుక్కుంటున్నారు

మోడరేటర్

న్యూక్లియర్‌కి వేరే థ్రెడ్ ఉంది, 40 పేజీలు దాటింది. దయచేసి అక్కడ కొట్టుకోండి.

తులిప్_వీధి (ఐంధోవెన్)

నెదర్లాండ్స్‌లో మా అనుభవం చెబుతా, ఇది రేటు గొడవ కాదు, తీగల గొడవ.

ఇక్కడ నెట్ మీటరింగ్. వేసవిలో మీరు పంపిన యూనిట్, చలికాలంలో వాడుకున్న యూనిట్‌తో సరిసమానంగా కొట్టేస్తారు. గ్రిడ్డే ఉచిత బ్యాటరీ అన్నమాట. అందుకే మూడిళ్లలో ఒకింటి మీద ప్యానెళ్లున్నాయి. మేమూ 2019లో పెట్టించాం, పది ప్యానెళ్లు. మొదట్లో బిల్లు చూసి మా ఆయన ఫ్రేమ్ కట్టించుకుందాం అన్నారు.

ఇప్పుడు? మధ్యాహ్నం వీధి వీధంతా ఒకేసారి పంపుతుంది, కొనేవాడు లేడు. వోల్టేజీ పెరిగి మా ఇన్వర్టరు (ప్యానెళ్ల కరెంటుని ఇంటికి, గ్రిడ్‌కి పనికొచ్చేలా మార్చే పెట్టె) తనంతట తానే ఆగిపోతుంటుంది, అదీ మంచి ఎండ ఉన్న రోజే. సప్లయర్ "కరెంటు వెనక్కి పంపినందుకు" చార్జీ వేస్తున్నాడు. నెట్ మీటరింగ్ 2027 జనవరి 1తో బంద్. కొత్త ఫ్యాక్టరీలకి, కొన్ని ఊళ్లలో బడులకి కూడా కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టు. ప్యానెల్‌కి డబ్బిచ్చారు, ట్రాన్స్‌ఫార్మర్‌ని మరిచారు. అత్తారింటికి అల్లుణ్ణి పిలిచి పడుకోడానికి మంచం లేదన్నట్టుంది.

గ్లాస్గో_చలి

మా దగ్గరా అంతే అక్కా. స్కాట్లండ్‌లో గాలి, లండన్‌లో వాడకం, మధ్యలో లైన్లు చాలవు. గాలి బాగా వీచిన రోజు ఇక్కడి మరల్ని ఆపమని డబ్బిస్తారు, దక్షిణాన గ్యాస్ ప్లాంటు నడపమని ఇంకోసారి డబ్బిస్తారు.

పాతలైన్‌మన్

మేం దీన్నే బ్యాక్‌డౌన్ అనేవాళ్లం. లోడ్ డిస్పాచ్ నుంచి ఫోన్ వస్తే ఆపాల్సిందే.

ఆఖెన్_అబ్బాయి

జర్మనీలో ఇది ఇంకా పెద్ద సంత. ఉత్తరాన గాలి, దక్షిణాన ఫ్యాక్టరీలు. సూడ్‌లింక్ అనే లైన్ 2022కి అన్నారు, ఊళ్లవాళ్లు టవర్లు వద్దంటే భూమిలోపల కేబుల్ వేస్తున్నారు, ఇప్పుడు 2028 చివరికి అంటున్నారు. గాలిమర ఎత్తుకి పదింతల దూరంలో ఇళ్లుండకూడదని 2014లో రూలు పెట్టుకుని, తర్వాత దాదాపు కొత్త మరలే లేకుండా చేసుకుంది బవేరియా. చట్టం తొలి బీజం పడింది అక్కడి హైడ్రో యూనిట్ల వల్లే, మరిచిపోకండి.

2024లో జర్మనీ హోల్‌సేల్ మార్కెట్లో 457 గంటలు ధర సున్నా కంటే కిందికి పోయింది. అంటే తీసుకెళ్లినవాడికే ఎదురు డబ్బు. 2025 ఫిబ్రవరి నుంచి కొత్తగా పెట్టే సోలార్‌కి ఆ గంటల్లో ఏమీ ఇవ్వరు, ఆ పోయిన సమయాన్ని 20 ఏళ్ల చివర్లో కలుపుతారు. పక్కింటాయనకి మాత్రం ఆ గంటల్లో కూడా 43 సెంట్లు వస్తూనే ఉంటాయి 😀

పాతలైన్‌మన్

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ మొత్తం చీకటైంది కదా, దాని సంగతేంటి మావయ్యా? అంతా సోలార్ వల్లే అన్నారు ఇక్కడి టీవీల్లో.

మాడ్రిడ్‌మావయ్య

ఆ రోజు మధ్యాహ్నం 12:33. నేను మెట్రో దిగి మెట్లెక్కుతున్నా, అదృష్టం. సాయంత్రం దాకా ఫోన్ లేదు, కార్డు లేదు, జేబులో నాణేలున్నవాడే రాజు. బార్లవాళ్లు చల్లదనం పోకముందే బీరు అమ్మేశారు.

వోల్టేజీ పెరిగి, ఒకదాని తర్వాత ఒకటి ప్లాంట్లు ట్రిప్పయ్యాయి. సోలార్, గాలి ప్లాంట్లకి వోల్టేజీని అప్పటికప్పుడు సర్దే పని ఇక్కడి రూల్స్ అప్పగించనే లేదు. ఇన్వర్టర్లు చెయ్యగలవు, చెయ్యమని ఎవరూ అడగలేదు, డబ్బూ ఇవ్వలేదు. ఆ పని పెద్ద పాత ప్లాంట్లది, అవి ఆ రోజు చెయ్యాల్సినంత చెయ్యలేదు. తర్వాత రూల్ మార్చారు.

పాతలైన్‌మన్

చూశారా! యూనిట్లకి డబ్బిచ్చారు, వోల్టేజీకి ఇవ్వలేదు. నలభై ఏళ్లు ఇదే మొత్తుకున్నాం మేం, వోల్టేజీ సర్దే సామాను, కెపాసిటర్ బ్యాంకు, అడిగితే ఫైలు తిరిగేది గానీ సామాను వచ్చేది కాదు.

కోటప్పకొండ

సరే, అందరూ నన్ను విలన్ని చేశారు కాబట్టి చివరికి ఒక మాట. 2010, 11, 12 మూడేళ్లూ జర్మనీ ఏడాదికి 7,500 మెగావాట్ల చొప్పున పెట్టింది. ఆ గిరాకీ చూసే చైనా ఫ్యాక్టరీలు పెట్టింది, ధర నేలకి దిగింది. జర్మనీ సొంత సోలార్ కంపెనీ క్యూసెల్స్ 2012లో దివాలా తీసింది. అంటే జర్మనీ అద్దెదారు డబ్బు కట్టాడు, చైనా ఫ్యాక్టరీ పెరిగింది, భడ్లాలో 2.44 వచ్చింది. ప్రపంచానికి మంచిదే. నాకెవరైనా ముందు చెప్పి ఉంటే బాగుండేది.

పాతలైన్‌మన్

మా మనవరాలి ఇంటి మీద మొన్న 3 కిలోవాట్లు పెట్టించారు, కేంద్రం సబ్సిడీ 78 వేలు వచ్చింది. మీ 286 యూరోల్లో కొంత అందులో ఉన్నట్టే. కొలోన్‌కి వచ్చినప్పుడు కాఫీ ఇప్పిస్తా.

కోటప్పకొండ

ఫ్రాంక్‌ఫర్ట్ అండీ. ఫిల్టర్ కాఫీ అయితేనే.

రైన్‌గట్టు

అయ్యబాబోయ్, వారం రోజులు ఊళ్లో లేకపోతే ఇంత జరిగిందా. అందరికీ థ్యాంక్స్.

నా సంగతి: ఓనరు నుంచి జవాబొచ్చింది, "కుదరదు, బిల్డింగ్ అందం పాడవుతుంది" అని. 2024 అక్టోబరులో వచ్చిన చట్టం గురించి మర్యాదగా రాశాను. సరైన కారణం లేకుండా అద్దెదారుకి కాదనకూడదు, ఎలా బిగించాలో మాత్రం ఆయన చెప్పొచ్చు. రెండు రోజుల్లో దారికొచ్చాడు: రెయిలింగుకి రంధ్రాలు వెయ్యకూడదు, బీమా కాగితం చూపించాలి, అంతే. మొత్తం 420 యూరోలైంది, పన్ను సున్నా. నిన్న తగిలించాను, ఆన్‌లైన్లో పేరు నమోదు చేశాను. మొదటిరోజు 2.1 యూనిట్లు. ఫ్రిజ్, రూటర్, మా ఆవిడ ఇడ్లీ గ్రైండరు నడిచాయి. మిగిలింది గ్రిడ్‌కి ఉచితం.

పక్కింటాయన కిందనుంచి చూసి బొటనవేలెత్తాడు. ఖర్చెంతైందని అడిగా. 2009లో 5 కిలోవాట్లకి దాదాపు 20 వేల యూరోలట, బ్యాంకు లోను 2021లో తీరిందట. 2029 తర్వాత ఏం చేస్తావంటే, బ్యాటరీ రేట్లు చూస్తున్నా, నీకేమైనా తెలుసా అని నన్నే అడిగాడు.

తులిప్_వీధి

రంధ్రాలు లేకుండా ఏ బ్రాకెట్‌తో బిగించారండీ? మా చెల్లి డ్యుసెల్‌డార్ఫ్‌లో ఉంది, దానికీ ఇదే సమస్య. ఫొటో పెట్టగలరా?